ఔట్‌బ్రేక్ నడుస్తోందని అందరికీ "వైరల్ మెనింజైటిస్" (వైరస్ వల్ల మెదడు పొరల వాపు) అని రాసేయొచ్చా?

పిల్లల_పీజీ
పది రోజులుగా ఒకటే వరస. జ్వరం, తలనొప్పి, వాంతులు, మెడ కాస్త బిగుసుకోవడం. ఎక్కువమంది 5 నుంచి 12 ఏళ్ళ వాళ్ళు, సగం మంది పక్కపక్క వీధుల వాళ్ళే. ఎల్‌పీ (వెన్నులో సూదితో నీరు తీయడం) చేసినవాళ్ళలో తెల్ల కణాలు మైక్రోలీటరుకి 80 నుంచి 300, సుగర్ బాగానే ఉంది, కల్చర్‌లో ఏమీ పెరగలేదు. ఇప్పుడు కొత్తగా వచ్చే పిల్లలకి "ఔట్‌బ్రేక్ కదా, మళ్ళీ వెన్నులో సూది దేనికి, వైరల్ అని రాసి రెండ్రోజులు చూసి పంపేద్దాం" అంటున్నారు. నా సందేహాలు రెండు. ఇది వైరస్సే అని ఎంతమందిలో, ఏ శాంపిల్‌తో తేలాలి? తేలాక మిగతావాళ్ళకి ఎల్‌పీ మానేయొచ్చా? అన్నట్టు మూడు రిపోర్టుల్లో న్యూట్రోఫిల్స్ (బాక్టీరియల్‌లో ఎక్కువుండే తెల్ల కణాలు) 60-70 శాతం ఉన్నాయి. అసలు భయం అదే.

కైలాసగిరి_కన్సల్టెంట్
ఆ ముగ్గురికీ తలనొప్పి మొదలైన ఎన్ని గంటలకి ఎల్‌పీ అయింది? బయట ఇంజెక్షన్ ఏమైనా పడిందా?

పిల్లల_పీజీ
ఇద్దరికి 18 గంటల లోపే. మూడో పాపకి టైం రాసి లేదు. ఇంజెక్షన్ అంటే, వీధి చివర "జ్వరం సూది" వేశారంటున్నారు సార్. ఏ సూదో వాళ్ళకీ తెలీదు.

డాల్ఫిన్‌నోస్
మొదటి ఇద్దరి గురించి కంగారు పడకు. ఎంటెరోవైరస్ (పేగుల్లో పెరిగే వైరస్సుల గుంపు) మెనింజైటిస్‌లో మొదటి 24-48 గంటలు న్యూట్రోఫిల్సే ఎక్కువ ఉండొచ్చు, తర్వాత లింఫోసైట్లకి (వైరల్‌లో ఎక్కువుండే తెల్ల కణాలు) మారుతుంది. కొందరిలో రెండో రోజు దాటినా మారదు. కాబట్టి శాతం ఒక్కటీ పట్టుకుని వైరలా బాక్టీరియలా అని తేల్చలేం. మొత్తం కణాలు ఎన్ని, ప్రొటీన్ ఎంత, సుగర్ నిష్పత్తి (వెన్నునీటి సుగర్‌ని రక్తం సుగర్‌తో భాగిస్తే వచ్చేది) ఎంత, అన్నీ ఒకచోట పెట్టి చూడాలి. వైరల్‌లో కణాలు సాధారణంగా 10 నుంచి 500, 1000 దాటడం అరుదు. ప్రొటీన్ మామూలుగా గాని డెసీలీటరుకి 100 మి.గ్రా. దగ్గర గాని, సుగర్ రక్తంలో ఉన్నదానిలో సగం పైన. బాక్టీరియల్‌లో కణాలు వెయ్యి దాటడం, ప్రొటీన్ 100-200 పైకి పోవడం, నిష్పత్తి 0.4 కంటే దిగడం మామూలు. వెన్నునీటిలో లాక్టేట్ చేసే వీలుంటే లీటరుకి 3.5 మిల్లీమోల్ కింద ఉండటం వైరల్ వైపు మొగ్గు. కానీ యాంటీబయాటిక్ పడ్డాక లాక్టేట్‌ని అంతగా నమ్మలేం.

భయపడాల్సింది మూడో పాప గురించి. ఆ "జ్వరం సూది" సెఫ్‌ట్రయాక్సోన్ (యాంటీబయాటిక్) అయితే కల్చర్ నెగటివ్‌కి విలువ లేదు. మెనింజైటిస్ తెచ్చే బాక్టీరియాల్లో మెనింగోకాకస్ గంటా రెండు గంటల్లోనే కల్చర్‌లో మాయమవుతుంది, న్యూమోకాకస్ నాలుగైదు గంటలు ఆగుతుంది. కణాలు, ప్రొటీన్ మాత్రం రోజుల తరబడి అలాగే ఉంటాయి, సుగర్ ముందు సర్దుకుంటుంది. అంటే సగం వైద్యం అయిన బాక్టీరియల్ కేసు రిపోర్టు, వైరల్ రిపోర్టు కవలపిల్లల్లా కనిపిస్తాయి. మీ పది రోజుల వరసలో అలాంటిది ఒకటి కలిసిపోతే ఎవరికీ తెలీదు. ఔట్‌బ్రేక్‌లో అసలు ప్రమాదం ఇదే.

నాలుగో_అంతస్తు_ల్యాబ్
మా వైపు నుంచి ఒక మాట. మీరు చూస్తున్న 80, 300 అంకెలు ఏ లెక్కతో వచ్చాయో ముందు కనుక్కోండి. న్యూబార్ చాంబర్‌లో (కణాలు లెక్కపెట్టే గళ్ళ గాజు పలక) రక్తానికి 1:20 పలుచన చేసి నాలుగు మూల గళ్ళు లెక్కపెట్టి 50తో గుణిస్తాం. సీఎస్‌ఎఫ్ (వెన్నునీరు) పలుచన చేయకుండా పోస్తాం కాబట్టి నాలుగు గళ్ళకి 2.5తో, తొమ్మిది గళ్ళూ లెక్కపెడితే 10/9తో గుణించాలి. నైట్ డ్యూటీలో అలవాటు కొద్దీ 50తో గుణించేస్తే 6 కణాలున్న నీరు 120 అయి కూర్చుంటుంది. తొమ్మిది గళ్ళు లెక్కపెట్టి 2.5తో గుణించేవాళ్ళూ ఉన్నారు, అదీ రెట్టింపు తప్పే.

ఇంకోటి, ఆటోమేటిక్ సెల్ కౌంటర్‌లో రక్తం మోడ్‌లో సీఎస్‌ఎఫ్ పెట్టొద్దు. తక్కువ కణాలున్నప్పుడు దాని బ్యాక్‌గ్రౌండ్ గోలే కణాలుగా లెక్కకొస్తుంది. న్యూట్రోఫిల్సా లింఫోసైట్లా అన్నది చాంబర్‌లో చూసి చెప్పకూడదు. సైటోస్పిన్ (కణాల్ని తిప్పి స్లైడ్ మీదికి చేర్చే యంత్రం) గాని, నెమ్మదిగా తిప్పిన అడుగు నీటితో స్లైడ్ చేసి లీష్మన్ రంగు వేసి గాని చూడాలి. సూది తగిలి రక్తం కలిస్తే 500 నుంచి 1000 ఎర్ర కణాలకి ఒక తెల్ల కణం చొప్పున, ప్రొటీన్‌లో వెయ్యికి 1 మి.గ్రా. చొప్పున తీసేసి చూడండి. అంతా రక్తమయమైతే ఆ తీసివేతలూ నమ్మలేం.

శాంపిల్ ఎన్నింటికి తీశారో ట్యూబ్ మీద రాయండయ్యా. బయట పెట్టిన సీఎస్‌ఎఫ్‌లో న్యూట్రోఫిల్స్ గంటలో మూడో వంతు, రెండు గంటల్లో సగం దాకా పగిలిపోతాయి. ఆ నీళ్ళలో మాకు లింఫోసైట్లు మిగులుతాయి, మేం "లింఫోసైట్లు 85 శాతం" అని రాస్తాం, మీరు వైరల్ అంటారు.

బీచ్‌రోడ్_బ్యాచిలర్
అంటే మధ్యాహ్నం ఎండలో ఎన్‌ఏడీ సిగ్నల్ దగ్గర ఆటోలో ఆగిపోయిన ట్యూబే మనకి "వైరల్" అని చెబుతుందన్నమాట.

నాలుగో_అంతస్తు_ల్యాబ్
నవ్వులాట కాదు బాబూ, అచ్చం అదే.

వార్డ్_సిస్టర్_99
సుగర్ సంగతి ఎవరూ ఎత్తలేదు. ఎల్‌పీకి ముందే వేలి చివర గాని నరంలో గాని రక్తం సుగర్ తీయాలి. సూది గుచ్చాక పిల్లాడు ఏడ్చి గింజుకుంటే రక్తం సుగర్ పెరుగుతుంది. డీఎన్‌ఎస్ (గ్లూకోజ్ కలిసిన సెలైన్) సీసా ఎక్కుతుంటే ఇంకా అధ్వానం. రక్తంలో 200 ఉంటుంది, వెన్నునీటిలో ఇంకా 60 దగ్గరే ఉంటుంది, నిష్పత్తి 0.3 వచ్చి అందరూ బాక్టీరియల్ అని హడలిపోతారు. రెండూ సమం కావడానికి రెండు మూడు గంటలు పడుతుంది. మా వార్డులో డ్రిప్ మొదలైన టైం, రక్తం తీసిన టైం, నీరు తీసిన టైం ఒకే లైన్లో రాయిస్తాం.

డాల్ఫిన్‌నోస్
సిస్టర్ చెప్పింది బంగారం. సుగర్ ట్యూబ్ ఫ్లోరైడ్ వేసిన బూడిదరంగు మూతదే వాడండి.

ఘాట్‌రోడ్_జీపీ
మీరంతా వైరలా బాక్టీరియలా అని కొట్టుకుంటున్నారు గాని, పాడేరు, చింతపల్లి ఏజెన్సీ కొండల వైపు నుంచి దిగొచ్చే కేసుకి మొదట అడగవలసింది వేరే ఏటంటే, మలేరియా, స్క్రబ్ టైఫస్ (పురుగు కాటుతో వచ్చే బాక్టీరియా జ్వరం). స్క్రబ్ మెనింజైటిస్‌లో కూడా కణాలు వందా రెండొందలు, లింఫోసైట్లే, ప్రొటీన్ కొంచెం ఎక్కువ, సుగర్ దాదాపు బాగానే. కాగితం మీద మీ ఎంటెరోవైరస్‌కి తమ్ముడే. తేడా ఎక్కడంటే జ్వరం వారం పైబడి ఉంటాది, లివర్ ఎంజైములు పెరిగి ఉంటాయి, ప్లేట్‌లెట్లు తగ్గి ఉంటాయి. కాలిన మచ్చలాంటి నల్ల పెచ్చు కోసం బట్టలు విప్పి చూడాల. చంకలు, గజ్జలు, చెవుల వెనక, ముఖ్యంగా మొలతాడు కింద. ఐజీఎం ఎలీసా (రక్తంలో యాంటీబాడీ పరీక్ష) మొదటి ఐదారు రోజులు నెగటివ్ రావచ్చు, అందుకని నెగటివ్ వచ్చిందని దాని యాంటీబయాటిక్ డాక్సీసైక్లిన్ ఆపొద్దు. 45 కేజీల లోపు పిల్లలకి కేజీకి 2.2 మి.గ్రా. రోజుకి రెండుసార్లు. పళ్ళ రంగు మారుతుందన్న పాత భయంతో పిల్లాణ్ణి పోగొట్టుకోకండి.

మలేరియా కిట్ పది పదిహేను నిమిషాల పని. జ్వరంతో తెలివి తప్పిన ఏజెన్సీ కేసులో అది చేయకుండా కిందికి పంపితే మూడు గంటల ఘాట్ రోడ్డులో పుణ్యకాలం కాస్తా గడిచిపోతాది.

కైలాసగిరి_కన్సల్టెంట్
జీపీ అన్న చెప్పినదానికి టీబీ కూడా చేర్చండి. ఐదారు రోజులకి మించిన తలనొప్పి, సుగర్ నిష్పత్తి 0.5 కింద, ప్రొటీన్ 100 నుంచి 500, లింఫోసైట్లు. ఇవి కనిపిస్తే ఔట్‌బ్రేక్ మాట మర్చిపోండి. సీబీనాట్‌కి (టీబీ జన్యు పరీక్ష) వెన్నునీళ్ళు ఎక్కువ కావాలి, పెద్దవాళ్ళలో 6 మి.లీ. పైన. అర మి.లీ. పంపి నెగటివ్ వచ్చిందని సంతోషపడొద్దు. పాజిటివ్ వస్తే ఉన్నట్టే, నెగటివ్ వస్తే లేనట్టు కాదు.

మధురవాడ_మైక్రో
ఇప్పుడు పీజీ అడిగిన మొదటి ప్రశ్నకి వస్తా. వైరస్ అని తేల్చడానికి అందరికీ పీసీఆర్ (క్రిమి జన్యువుని పట్టే పరీక్ష) అక్కర్లేదు. అలాగని ఎవరు దొరికితే వాళ్ళకి చేస్తే డబ్బు దండగ. జబ్బు మొదలై 48 గంటల లోపు వచ్చిన, యాంటీబయాటిక్ పడని ఐదు నుంచి పదిమందిని ఎంచుకోండి. సీఎస్‌ఎఫ్‌లో ఎంటెరోవైరస్ మొదటి రెండు మూడు రోజులే బాగా దొరుకుతుంది, తర్వాత పలచబడిపోతుంది. ఆ పదిమంది దగ్గరా నాలుగు రకాలు తీయండి: సీఎస్‌ఎఫ్, గొంతు స్వాబ్, మలం, సీరం. మలం పెద్దవాళ్ళ బొటనవేలంత చాలు. సీరం రెండోసారి రెండు మూడు వారాలకి తీయాలి. ఆ రెండోది ఎవరూ తీయరనుకోండి, అయినా చెబుతున్నా.

సీఎస్‌ఎఫ్‌ని వీటీఎంలో (వైరస్ శాంపిల్ పంపే ద్రవం) ముంచకండి, ఉన్న కాస్తా పలచబడిపోతుంది. ఖాళీ స్టెరైల్ మరచుట్టు ట్యూబ్‌లో కనీసం అర మి.లీ. నుంచి 1 మి.లీ., దాన్ని ల్యాబ్‌లో మిగతా పనులకి తెరవకూడదు. వీటీఎం గొంతు స్వాబ్‌కి. స్వాబ్ పుల్ల చెక్కది, కొస దూదిది అయితే పీసీఆర్‌కి అడ్డుపడుతుంది, నైలాన్ గాని డాక్రాన్ గాని తీసుకోండి.

చలువ విషయంలో అందరూ తప్పు చేసేది ఒకటుంది. వైరాలజీ ట్యూబ్ 2-8 డిగ్రీల్లో, 48 గంటలు దాటేలా ఉంటే మైనస్ 70లో. మామూలు ఫ్రిజ్ పై అర ఐస్‌బాక్స్‌లో గడ్డకట్టించి మళ్ళీ కరిగించకండి. కల్చర్ ట్యూబ్ మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ ఫ్రిజ్‌లో పెట్టొద్దు. మెనింగోకాకస్, హీమోఫిలస్ చలికి చచ్చిపోతాయి. రెండు ట్యూబులూ ఒకే థర్మకోల్ డబ్బాలో ఐస్ మీద పెట్టి పంపారంటే కల్చర్ నెగటివ్ మీ చేతులతో మీరే తయారు చేసినట్టు.

డాల్ఫిన్‌నోస్
మలం మీద నాకు పేచీ ఉంది. మలంలో ఎంటెరోవైరస్ వారాల తరబడి పడుతూనే ఉంటుంది, ఏ జబ్బూ లేని పిల్లల్లో కూడా. మలం పాజిటివ్ చూపించి మెనింజైటిస్ దానివల్లే అంటే ఎలా?

మధురవాడ_మైక్రో
ఒప్పుకుంటా. మలం ఒక్కటే పాజిటివ్ అయితే "ఉండొచ్చు" అంటాం, "అదే" అనం. పల్స్ పోలియో ఆదివారం అయిన వారాల్లో ఇంకో చిక్కు. చుక్కల మందులో ఉన్నవి కూడా ఎంటెరోవైరస్సులే, జనరల్ ఎంటెరోవైరస్ పీసీఆర్ వాటినీ పట్టి పాజిటివ్ చూపిస్తుంది. కాలనీ మొత్తం పాజిటివ్ వచ్చి ఔట్‌బ్రేక్ రెట్టింపు అవుతుంది. అందుకే పాజిటివ్‌లలో కొన్నింటిని వైరస్ రకం తేల్చే వీపీ1 జన్యు భాగం సీక్వెన్సింగ్‌కి పంపాలి. ఎకో 30, ఎకో 6, కాక్సాకీ బీ రకాలా, ఎంటెరోవైరస్ ఏ71నా అన్నది అక్కడే తేలుతుంది. ఏ71 అయితే చేతులు, పాదాలు, నోట్లో పొక్కులు, తూలుతూ నడవడం, ఉలిక్కిపడటం ఉన్న పిల్లల్ని ఐసీయూకి దగ్గరగా పెట్టుకోవాలి, మెదడు కాండం దెబ్బతింటుంది.

బీచ్‌రోడ్_బ్యాచిలర్
మల్టీప్లెక్స్ ప్యానెల్ (ఒకేసారి చాలా క్రిముల్ని వెతికే పీసీఆర్) ఉంది కదా. 200 మైక్రోలీటర్లు వేస్తే గంటలో 14 క్రిములు. ఇంత గొడవెందుకు?

మధురవాడ_మైక్రో
ఆ 14లో ఆరు బాక్టీరియాలు, ఏడు వైరస్సులు, ఒక ఫంగస్. మన ప్రాంతానికి కావలసినవి లేవు. జపనీస్ ఎన్‌సెఫలైటిస్ లేదు, డెంగీ లేదు, గవదబిళ్ళల వైరస్ లేదు, స్క్రబ్ లేదు, టీబీ లేదు. వేరే ఊళ్ళ జబ్బుల పట్టిక అది. "అన్నీ నెగటివ్" అన్న కాగితం చూసి ఏదో ఒక వైరస్ అనుకుని ఇంటికి పంపితే, వెళ్ళేది టీబీ కేసు కావచ్చు. హెచ్‌ఎస్‌వీ (హెర్పిస్ వైరస్), క్రిప్టోకాకస్ (ఫంగస్) ఉన్నా నెగటివ్ ఇచ్చే అలవాటు దానికి ఉంది. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళకి క్రిప్టో యాంటిజెన్ విడిగా చేయాలి. ఉంటే వాడుకోండి, దానికి మొక్కకండి.

కైలాసగిరి_కన్సల్టెంట్
గవదబిళ్ళలు అన్నారు కాబట్టి: మన ప్రభుత్వ టీకా పట్టికలో ఉన్నది ఎంఆర్ (తట్టు, రుబెల్లా), అందులో మంప్స్ (గవదబిళ్ళలు) లేదు. ప్రైవేటులో ఎంఎంఆర్ వేయించుకున్నవాళ్ళు తప్ప మిగతా పిల్లలకి రక్షణ లేదు. మంప్స్ మెనింజైటిస్‌లో బుగ్గలు వాచకుండానే రావచ్చు. సుగర్ కూడా తగ్గొచ్చు, దాంతో టీబీ అనో బాక్టీరియల్ అనో బోల్తా పడతారు. స్కూల్లో ఎవరికైనా చెవి కింద వాపు వచ్చిందా అని అడగండి. చెంప లోపలి స్వాబ్‌తో పీసీఆర్, సీరంలో ఐజీఎం.

పిల్లల_పీజీ
రెండో ప్రశ్న మిగిలిపోయింది. ఎల్‌పీ మానేయడం...

కైలాసగిరి_కన్సల్టెంట్
నా లెక్క వేరు, డాల్ఫిన్ గారు తిట్టుకున్నా సరే. వైరస్ పేరు ల్యాబ్‌లో తేలింది, అదే కాలనీ, వయసు ఐదు దాటింది, తెలివిగా ఉన్నాడు, మాట్లాడుతున్నాడు, ఒంటి మీద ఎర్ర మచ్చల్లేవు, ఫిట్స్ రాలేదు, ముందు ఏ యాంటీబయాటిక్ పడలేదు, రక్తంలో బాక్టీరియా జాడ చెప్పే సీఆర్‌పీ, ప్రోకాల్సిటోనిన్ తక్కువ. ఇవన్నీ కలిస్తే 24 గంటలు వార్డులో కళ్ళ ముందు పెట్టుకుని ఎల్‌పీ లేకుండా చూడొచ్చు. ఒక్కటి తప్పినా ఎల్‌పీ.

డాల్ఫిన్‌నోస్
తిట్టను గాని అడుగుతా. ముందు యాంటీబయాటిక్ పడలేదని ఎవరు చెప్పారు? పైన పీజీ మూడో పాప సంగతి చూశారుగా, సూది ఏదో తల్లికే తెలీదు. మీ షరతుల్లో అదొక్కటే మన ఊళ్ళో సగం మందికి నిలవదు. బాక్టీరియల్ మెనింజైటిస్ స్కోరు అని ఒకటి ఉంది: గ్రామ్ స్టెయిన్ (బాక్టీరియాకి రంగేసి చూడటం) పాజిటివ్, సీఎస్‌ఎఫ్ న్యూట్రోఫిల్స్ 1000 పైన, ప్రొటీన్ 80 పైన, రక్తంలో న్యూట్రోఫిల్స్ 10,000 పైన, ఫిట్స్. ఈ ఐదూ లేకపోతే బాక్టీరియల్ అయ్యే అవకాశం చాలా తక్కువ. తమాషా చూడండి, ఐదులో మూడింటికి ఎల్‌పీ కావాలి. పైగా రెండు నెలల లోపు పిల్లలకీ, యాంటీబయాటిక్ పడ్డవాళ్ళకీ ఈ స్కోరు వాడకూడదు. పోనీ కెర్నిగ్, బ్రుడ్జిన్‌స్కీ గుర్తులు (కాలు, మెడ వంచి చూసేవి) చూద్దామంటే, ఉంటే పనికొస్తాయి, లేకపోతే ఏమీ చెప్పవు.

కైలాసగిరి_కన్సల్టెంట్
యాంటీబయాటిక్ మాటకి ఒప్పుకుంటున్నా. సూది పేరు తెలీకపోతే పడినట్టే లెక్క, ఎల్‌పీ చేయాల్సిందే. మిగతా షరతుల మీద మాత్రం వెనక్కి తగ్గను.

వార్డ్_సిస్టర్_99
వెన్నులో నీరు తీస్తే నడుం పడిపోతుందని తల్లులు సంతకం పెట్టరు. వెన్నుపాము పైనే ఆగిపోతుంది, మేం గుచ్చేది దాని కింద అని వేలితో నడుం మీద చూపిస్తే సగం మంది ఒప్పుకుంటారు. నీరు తీశాక ఈ పిల్లల్లో చాలామందికి తలనొప్పి దిగుతుంది, ఆ మాటా చెప్పండి. పక్కకి పడుకోబెట్టి మోకాళ్ళు పొట్టకి ఆనించేటప్పుడు మెడ మరీ వంచకండి, చంటిపిల్లలకి ఊపిరి ఆడదు.

విజయనగరం_ఫిజీషియన్
డెంగీ సీజన్ కూడా కదా ఇది. ప్లేట్‌లెట్లు చూడకుండా సూది పెట్టకండి. 50,000 కింద ఉంటే ఆగండి. తెలివి తగ్గుతున్నా, ఒక పక్క చేయి కాలు పడినా, కంటి నరం వాచినా ముందు సీటీ. సీటీ కోసం ఆగేటప్పుడు మందు ఆపకండి. బ్లడ్ కల్చర్ తీసి సెఫ్‌ట్రయాక్సోన్ పిల్లలకి రోజుకి కేజీకి 100 మి.గ్రా. లెక్కన మొదలుపెట్టేయాలి. ఎల్‌పీ తర్వాతైనా అవుతుంది.

పిల్లల_పీజీ
40 రోజుల బాబు ఉన్నాడు సార్, జ్వరం ఒక్కటే. కణాలు 4. పీసీఆర్ అక్కర్లేదని వదిలేశాం.

డాల్ఫిన్‌నోస్
వదలకూడదు. చంటిపిల్లల్లో ఎంటెరోవైరస్, దాని చుట్టం పరెకోవైరస్, తెల్ల కణాలు ఏమీ పెరగకుండానే సీఎస్‌ఎఫ్‌లో ఉంటాయి. దాచిన ట్యూబ్ ఉంటే ఇవాళే పంపు. కాలేయం, గుండె ఎలా ఉన్నాయో చూడు, ఈ వయసులో అదే ప్రాణం మీదికి తెచ్చేది. బ్లడ్ కల్చర్ 36-48 గంటలు దాటేదాకా యాంటీబయాటిక్ ఆపకు.

జీవీఎంసీ_జోన్_ఎపి
కేసుల లైన్‌లిస్ట్ (ఒక్కో కేసుకి ఒక్కో వరస ఉండే పట్టిక) గురించి. పేరు, వయసుతో ఆగొద్దు. జబ్బు మొదలైన తేదీ, గంట, ఎల్‌పీ గంట, ముందు పడిన మందు, తాగే నీళ్ళు ఎక్కడివి, స్కూలు, ఇంట్లో ఇంకెవరికైనా జ్వరం, ఒంటి మీద దద్దుర్లు ఉన్నాయా. జబ్బు మొదలైన తేదీలతో గ్రాఫ్ గీయండి, అడ్మిట్ అయిన తేదీలతో కాదు. ఎంటెరోవైరస్ ఒకరి నుంచి ఒకరికి పాకుతుంది కాబట్టి వారం పైన మెల్లగా ఎక్కి దిగుతుంది. ఒకే రోజు నిట్టనిలువుగా లేస్తే ఒకే కుళాయో, ఒకే పెళ్ళి భోజనమో వెతకాలి. ల్యాబ్ రిపోర్టు కోసం ఆగకుండా అనుమానం దశలోనే ఐహెచ్‌ఐపీలో (ప్రభుత్వ జబ్బుల నిఘా పోర్టల్) డాక్టర్ల పీ ఫారంలో ఎక్కించండి, తేలాక ల్యాబ్ ఎల్ ఫారం.

తెలివి తప్పినవాళ్ళు, ఫిట్స్ వచ్చినవాళ్ళు ఈ లిస్టులో కలవకూడదు. వాళ్ళు ఏఈఎస్ (మెదడువాపు లక్షణాలు) కింద విడిగా. జేఈ (జపనీస్ ఎన్‌సెఫలైటిస్) ఐజీఎం సీఎస్‌ఎఫ్‌లో చేయాలి, మొదటి నాలుగు రోజుల్లో నెగటివ్ వస్తే పదో రోజు దగ్గర మళ్ళీ. 2003లో ఉమ్మడి రాష్ట్రంలో 329 మంది పిల్లలకి మెదడువాపు వచ్చి 183 మంది పోయారు, చివరికి చండీపురా వైరస్ అని తేలింది. అందులో చాలామంది ఒకట్రెండు రోజుల్లోనే పోయారు.

విజయనగరం_ఫిజీషియన్
అవును. ప్రవర్తన మారిందంటే అది మెనింజైటిస్ కాదు, ఎన్‌సెఫలైటిస్ (మెదడువాపు). పీసీఆర్ వచ్చేదాకా ఎసైక్లోవిర్ (హెర్పిస్ మందు) మొదలుపెట్టి ఉంచండి. హెచ్‌ఎస్‌వీ పీసీఆర్ మొదటి మూడు రోజుల్లో నెగటివ్ వచ్చినా అనుమానం గట్టిదైతే మళ్ళీ చేయాలి.

బీచ్‌రోడ్_బ్యాచిలర్
వార్డులో శానిటైజర్ చాలా?

జీవీఎంసీ_జోన్_ఎపి
చాలదు. ఎంటెరోవైరస్‌కి పై కొవ్వు పొర లేదు, స్పిరిట్ సరిగా పనిచేయదు. సబ్బూ నీళ్ళూ. డైపర్ మార్చిన చేతులు మరీ ముఖ్యం. తాగునీటిలో మిగులు క్లోరిన్ లీటరుకి 0.5 మి.గ్రా. ఉందో లేదో కుళాయి దగ్గర చూడండి, ట్యాంకు దగ్గర కాదు.

మోడరేటర్
పేషెంట్ల పేర్లు, రిపోర్టు ఫొటోలు పెట్టొద్దు. ఒకటి తీసేశాను.

పిల్లల_పీజీ
మూడో పాపకి ఇవాళ మళ్ళీ ఎల్‌పీ చేశాం. సూది సీసా తెమ్మంటే తండ్రి చెత్తకుండీలోంచి ఏరి తెచ్చాడు, సెఫ్‌ట్రయాక్సోనే. ఈసారి కణాలు 210, ప్రొటీన్ 130, రక్తం సుగర్ ముందే తీశాం, నిష్పత్తి 0.48. బాక్టీరియల్ పీసీఆర్‌కి పంపాం. లిస్టులో ఈ పాపని ఎలా రాయను?

డాల్ఫిన్‌నోస్
"తేలలేదు" అని రాయి. కోర్సు పూర్తిగా ఇవ్వు.

నాలుగో_అంతస్తు_ల్యాబ్
ఈసారి ట్యూబ్ మీద టైం ఉంది. 11:40కి తీశారు, 12:05కి మా దగ్గర చాంబర్‌లో ఉంది. ఆ 210 నమ్మొచ్చు.